అడవికి సాక్షి ఎవరు?

చాలా రోజులుగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. దీనికి మూలం నా దగ్గరున్న రెండు ఫోటోలు, వాటి వల్ల నేను పడ్డ చిన్న పరాభవం. ముందు ఆ ముచ్చట చెప్పి తరువాత చరిత్రలోకి వెళ్తాను.

మాది పల్నాడులోని వెల్దుర్తి. మాచర్ల ప్రాంతంలో నల్లమల అంచున ఉన్న మెట్ట ఊరు. మిరప, పత్తి, వానమీద ఆధారపడ్డ బతుకు. 2009 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో చెరువుకట్ట మీద నిలబడి ఎదురుగా ఉన్న కొండవాలును ఫోటో తీశాను. పచ్చగా, దట్టంగా వచ్చింది. మళ్ళీ 2017 మే నెలలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అదే కొండను మరోసారి తీశాను. ఈసారి ఎండిన కొమ్మలు, మధ్య మధ్య ఎర్రమట్టి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎనిమిదేళ్ళలో మా అడవి చచ్చిపోయిందని మిత్రులకు ఆవేశంగా ఒక ఉత్తరం వ్రాశాను.

వారిలో ఒకరు వన్యప్రాణుల మీద పరిశోధన చేసిన మనిషి. ఆయన జవాబు నాలుగు వాక్యాలే. "ఒకటి జనవరి, ఒకటి మే. మీ అడవి ఆకురాల్చే అడవి. మేలో ఆకు లేదని అడవి చచ్చిపోయిందంటే ఎలా? అసలు రెండుసార్లూ ఒకే రాయి మీద నిలబడ్డారా?"

నిలబడలేదు. పరీక్షగా చూస్తే రెండో ఫోటోలో కొండ కాస్త కుడికి జరిగి ఉంది. నా దగ్గరున్నవి రెండు ఫోటోలే కాని ఒక సాక్ష్యం కాదని అప్పుడు అర్థమయింది. ఫోటో సాక్ష్యం ఎప్పుడవుతుంది, అడవి కోలుకున్నదో లేదో చెప్పే అధికారం ఎవరి కెమెరాకు ఉంటుంది అన్న ప్రశ్నలు ఆనాటినుంచి వదలలేదు. వాటి వెంట పడి తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటాను.

మార్పును కొలవడానికి ఒకే చోటినుంచి మళ్ళీ మళ్ళీ ఫోటో తీయడం అనే పద్ధతి అడవుల్లో పుట్టలేదు, మంచుకొండల్లో పుట్టింది. 1888 ప్రాంతంలో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ అనే జర్మన్ గణితజ్ఞుడు తూర్పు ఆల్ప్స్ పర్వతాల్లోని హిమానీనదాలు ముందుకు జరుగుతున్నాయా, వెనక్కు తగ్గుతున్నాయా అని తేల్చడానికి స్థిరమైన చోట్లనుంచి ఛాయాచిత్రాలు తీయడం మొదలుపెట్టాడు. ఆ తరువాత ఈ పద్ధతి చెట్టూచేమల వైపు మళ్ళింది. 1965లో హేస్టింగ్స్, టర్నర్ అనే ఇద్దరు అమెరికన్లు అరిజోనా, సొనోరా ఎడారుల పాత ఫోటోలు సేకరించి, అవి తీసిన చోట్లను వెదికి పట్టుకొని, మళ్ళీ అక్కడే కెమెరా నిలిపి తీసిన చిత్రాలతో ఒక గ్రంథం వెలువరించారు. అందులోని ప్రతి జంట చిత్రం వెనుక, పాతవాడు ఎక్కడ నిలబడ్డాడో వెదుకుతూ కొండలు ఎక్కిన శ్రమ ఉంది.

నేడు అడవుల పునరుద్ధరణను గమనించే స్వచ్ఛంద కార్యకర్తలు ఎక్కడైనా పాటించేది ఇదే సూత్రం. నేలలో ఒక గుంజ పాతుకోవాలి. ఏ దిక్కుకు, ఎంత ఎత్తునుంచి తీశామో వ్రాసిపెట్టుకోవాలి. ఏటా అదే నెలలో, వీలైతే అదే వేళకు రావాలి. ఖరీదైన కెమెరా లేకపోయినా ఫరవాలేదు. ఏళ్ళ తరబడి తిరిగి వచ్చే మనిషి లేకపోతే మాత్రం ఈ పని సాగదు.

మా ప్రాంతానికి ఫోటోతో ఇలాంటి బంధమే ఒకటి పూర్వం ఉంది. 1926లో నాగార్జునకొండ లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోబోతున్నదని తెలిసి, 1954 నుంచి 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యం నాయకత్వాన పురావస్తుశాఖ దాన్ని అంగుళం అంగుళం తవ్వి, కొలిచి, ఫోటోలు తీసింది. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి తరలించారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. విజయపురి నేడు నీటి అడుగున ఉన్నా, దాని గోడ ఏది ఎక్కడ ఉండేదో మనకు తెలుసు. పోగొట్టుకోబోతున్నామని ముందే తెలుసుకొని సాక్ష్యం నిలుపుకున్న అరుదైన సందర్భమది. ఆ రాళ్ళకు దక్కిన శ్రద్ధ చుట్టుపక్కల అడవికి దక్కలేదు. జలాశయం కింద మునిగిన అడవిలో ఎక్కడ వెదురు ఉండేదో, ఏ వాగుకు కణుజులు దిగేవో చెప్పడానికి పెద్దల మాటలే మిగిలాయి.

1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులను అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది పులుల పథకంలో చేరింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో గుంటూరు, ప్రకాశం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అగ్రస్థానం. మరి అంత అడవిలో పులులెన్నో తెలిసేదెలా?

ఆ రోజుల్లో లెక్క పాదముద్రల మీద సాగేది. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతి అది. మట్టిలో పులి అడుగు కనబడితే దానిమీద అద్దం పెట్టి, ఆకారాన్ని గీసుకొని, ప్రతి పులి అడుగూ వేరుగా ఉంటుందన్న నమ్మకంతో లెక్కించేవారు. 1972లో దేశమంతటా 1,827 పులులున్నాయని చెప్పింది ఈ పద్ధతే. అయితే ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో మరొకలా పడుతుంది. గీసేవాడి చేతిని బట్టి కూడా మారుతుంది. ఈ లెక్కల మీద నమ్మకం పూర్తిగా కూలింది రాజస్థాన్‌లో. కాగితం మీద పులులు కళకళలాడుతున్న సరిస్కా అడవిలో ఒక్క పులి కూడా మిగలలేదని 2005లో బయటపడింది.

ఆ పాటికి మరో పద్ధతి సిద్ధంగా ఉంది. జంతువు తన ఫోటో తానే తీసుకునేలా చేయడం కొత్త ఊహేమీ కాదు. అమెరికాలో జార్జ్ షైరస్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే తీగ తగలగానే వెలిగే దీపంతో రాత్రిపూట జింకల ఫోటోలు తీశాడు. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ 1920లలో హిమాలయ పాదాల అడవుల్లో పులి దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, పులి కాలితో దాని చిత్రం దానిచేతే తీయించాడు. తుపాకీ పట్టని అధికారిగా ఆయనకు పేరు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. 1990లలో నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ ఈ ఉపాయాన్ని గణితంతో ముడిపెట్టారు. మన వేలిముద్రలు వేరైనట్టే ఏ రెండు పులుల చారలూ ఒక్కటి కావు. దారికి ఇరువైపులా రెండు కెమెరాలు పెడితే రెండు పక్కల చారలూ దొరుకుతాయి. చిక్కిన పులి మళ్ళీ ఎన్నిసార్లు చిక్కిందో చూసి, చిక్కనివి ఎన్ని ఉంటాయో అంచనా కట్టవచ్చు. నాగరహొళెలో జంతువుల లెక్కలకోసం తెల్లవారకముందే లేచి గీత గీసినట్టు అడవిలో నడిచినవారిలో బెంగళూరు, మైసూరు నుంచి సొంత ఖర్చుతో వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు ఎందరో ఉన్నారు. మన దేశంలో ఇలాంటి స్వచ్ఛంద సేవకు అది మంచి ఆరంభం.

2006 నుంచి నాలుగేళ్ళకొకసారి జరుగుతున్న జాతీయ లెక్కింపు ఈ కెమెరాల మీదే నిలిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2006లో 95 పులులని, 2010లో 72 అని, 2014లో 68 అని అంచనా. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ వంతు 2018లో 48, 2022లో 63. పైకి వెళ్తున్న ఈ చివరి రెండు అంకెలే నల్లమల కోలుకుంటున్నదని మనం చెప్పుకొనే మాటకు ఆధారం. 2018 లెక్కింపులో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడున్నర కోట్లకు దగ్గరగా ఫోటోలు వచ్చాయి. అది గిన్నిస్ పుస్తకానికీ ఎక్కింది. ఆ కోట్లలో పులివి 76,651.

పులి సంగతి ఇలా ఉండగా, కెమెరా ఆవాసాన్ని ఎలా కాపాడగలదో చూపిన అసలు తెలుగు కథ కడప జిల్లాలో జరిగింది. కలివికోడిని 1900 తరువాత చూసినవారు లేక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాని ఉనికిని మళ్ళీ కనుగొన్నారు. ఆ పక్షిని పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానికుడు. రాత్రిపూట ముళ్ళపొదల్లో తిరిగే ఆ పిట్టను కంటితో వెదకడం దాదాపు అసాధ్యం. పి. జెగనాథన్, ఆయన సహచరులు లంకమల పొదల మధ్య మెత్తని మట్టిపట్టీలు పరిచి అడుగుల గుర్తులు వెదికారు. తోడుగా తమంతట తామే పనిచేసే కెమెరాలు పెట్టారు. ఆ పద్ధతిని 2002లో ప్రకటించారు. కలివికోడి ఎంత దట్టమైన పొదల మధ్య ఉంటుందో, ఎక్కడ ఉండదో దాంతో తేలింది. 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పొదలమీదుగా సాగబోయినప్పుడు, ఇక్కడ పక్షి ఉన్నదని చూపడానికి కాగితం మీద రుజువు ఉంది. కాలువ దారి మారింది. రుజువు లేకపోతే అది పనికిరాని ముళ్ళకంప కిందే లెక్క.

ఇక మళ్ళీ మా ఊరివైపు వస్తాను.

నల్లమలలో ఈ కెమెరాలు మోసేది ఎవరు? చాలా చోట్ల చెంచులు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త కృష్ణకు ఆవలి అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వారిమీద గ్రంథం ప్రచురించాడు. వందలకొద్దీ ఫోటోలు తీశాడు. వాటిలో చెంచులు కెమెరా ముందు నిలబడినవారు. నేడు అదే తెగవారు అటవీశాఖ శిబిరాల్లో కాపలాదారులుగా పనిచేస్తూ కెమెరాను చెట్టుకు కడుతున్నారు. ఎనభై ఏళ్ళలో కెమెరాకు ఇవతలి పక్కకు వచ్చారన్నమాట. వీరిది పూర్తిగా స్వచ్ఛంద సేవ అనలేను. కూలి ఉంది. కాని ఆ కూలికి ఆ పని ఎవరు చేస్తారని అడిగితే అడవిమీద మమకారం లేనివారు చేయరని చెప్పగలను.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక పెద్దాయనతో మాచర్ల బస్సులో పక్కన కూర్చొని మాట్లాడే భాగ్యం కలిగింది. కెమెరాను మన మోకాలి ఎత్తున కట్టాలట. ఎదురుగా గడ్డి పీకెయ్యాలట. లేకపోతే గాలికి గడ్డిపోచ ఊగినప్పుడల్లా ఫోటో పడి కార్డు నిండిపోతుంది. చీమలు లోపల గూడు పెడతాయి. ఎలుగుబంటి కొరికి చూస్తుంది.

"కట్టినాక పనిచేస్తందో లేదో ఎట్టా తెలుస్తది పెద్దాయనా?" అని అడిగాను.

"దాని ముందర నేనే పులి మాదిరి పాకతా సారూ. రెండు చేతులూ నేలకానిచ్చి అటునించి ఇటు పోతా. మొదటి బొమ్మ ఎప్పుడూ నాదే" అని నవ్వాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ప్రతి కార్డులో మొదటి ఫోటో పులిలా పాకుతున్న ఒక మనిషిది. లెక్కల్లోకి వెళ్ళేటప్పుడు దాన్ని తీసేస్తారు. అవసరం లేదు కాబట్టి తీసెయ్యడం సరైనదే. కాని ఆ మొదటి బొమ్మ లేకుండా తరువాతి బొమ్మలు ఏవీ లేవు.

కెమెరా అన్నీ మంచే చేస్తుందనుకుంటే పొరపాటు. 2024లో కార్బెట్ పులుల అభయారణ్యం మీద వెలువడిన ఒక పరిశోధన, అడవిలో కట్టెలకు, గడ్డికి వెళ్ళే ఆడవాళ్ళ కదలికలను ఈ కెమెరాలు పట్టి ఇస్తున్నాయని చెప్పింది. పాడుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళే ఆడవాళ్ళు కెమెరా భయంతో గొంతు తగ్గించుకున్నారట. ఆ సందడి తగ్గితే అడవి జంతువు ఎదురుపడే ప్రమాదం పెరుగుతుంది. మా వైపు తునికాకుకు, కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళను తలచుకుంటే ఇది దూరపు సంగతి అనిపించదు. మరొకటి కూడా ఉంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం అడవిలో తరతరాలుగా ఉన్నవారి హక్కును గుర్తించింది. అదే ఏడు సవరించిన వన్యప్రాణి చట్టం, ఇష్టపూర్వకంగా తప్ప వారిని కదల్చకూడదన్నది. పులుల సంఖ్య పెరిగిందని చూపే ఫోటో, చెంచు గూడెం ఉండగానే పెరిగిందని కూడా చెబుతుంది. దాన్ని అలా చదువుతారా, గూడెం ఖాళీ చేయిస్తే ఇంకా పెరుగుతుందని చదువుతారా అన్నది చూసేవారి చేతిలో ఉంది.

2023 వేసవిలో మా పొరుగు దుర్గి మండలం గజాపురం వైపు పులి ఆవును చంపిందని వార్తలు వచ్చాయి. హైదరాబాదులో నా సహోద్యోగులు సంబరపడ్డారు. పల్నాడుకు పులి తిరిగొచ్చిందన్నారు. నాకూ సంతోషమే. ఊరికి ఫోను చేస్తే మా బాబాయి మాట వేరు. "పులి వస్తే మీకు ఫోటో. మాకు పొలం కాడికి పోవాలంటే భయం. ఎత్తిపోతలకు కూడా ఈ పులినే అడ్డం చెప్పార్రా ఇన్నేళ్ళూ" అన్నాడు.

ఆయన చెప్పింది వరికపూడిశెల ఎత్తిపోతల పథకం. కృష్ణ నీళ్ళు పక్కనే ఉన్నా అందని మెట్ట మాది. సాగర్ కుడికాలువ పల్నాడులో ఎన్నో పొలాలు తడిపింది కాని మా ఎత్తుకు ఎక్కలేదు. నీటిని ఎత్తి తేవాలంటే గొట్టాలు పులుల అడవిలోంచే రావాలి. అందుకే దశాబ్దాల తరబడి అది మాటల్లోనే నలిగింది. 2023లో వన్యప్రాణి, అటవీ అనుమతులు వచ్చాయి. ఆ ఏడు నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది.

బాబాయిని తప్పుపట్టలేను. ఆయన దృష్టిలో పులి ఫోటో అనేది ఎవరో ఎక్కడో తీసి, ఇంకెవరికో చూపించి, చివరికి తన పొలానికి నీళ్ళు ఆపిన కాగితం. కడపలో కలివికోడిని కాపాడిన రుజువు వంటిదే ఇదీ. కాని ఆ రుజువు తయారైన తీరులో ఆయనకు భాగం లేదు. తనకు చూపని సాక్ష్యాన్ని ఎవరు నమ్ముతారు?

ఈ చరిత్ర అంతా చదివాక నాకు తేలింది ఇదే. పాదముద్రల లెక్క చెడింది పద్ధతి లోపం వల్ల మాత్రమే కాదు, దాన్ని సరిచూసే బయటి కన్ను లేకపోవడం వల్ల కూడా. కెమెరా ఆ లోపాన్ని కొంత తీర్చింది. అయినా ఫోటో అటవీశాఖ కంప్యూటరు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతే అడవి పక్కనున్న ఊరికి అది మళ్ళీ ఒకరి మాటే. ఊరివారే గుంజ పాతి, ఊరివారే ఏటా తీసి, గ్రామసభలో గోడకు అంటించి చూపిన ఫోటోను కాదనడం కష్టం. పులి ఎటు తిరుగుతున్నదో ఫోటోల్లో తెలిసిన ఊరు, గొట్టాల దారి ఎటు వేస్తే నష్టం తక్కువో కూడా మాట్లాడగలదు. నీళ్ళూ పులీ రెండూ కావాలనే మాటకు అప్పుడు బలం వస్తుంది.

అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్ళి కెమెరాలు కట్టమని నేను చెప్పడం లేదు. అది నేరం, ప్రమాదం కూడా. చెరువుకట్ట మాత్రం ఊరిదే. అక్కడినుంచి కనబడే కొండవాలు అందరిదీ.

అందుకే 2018 సంక్రాంతినాడు చెరువుకట్ట మీద తూము పక్కన ఒక నాపరాయి పాతించాను. దానిమీద బాణం గుర్తు చెక్కించాను. ఏటా జనవరిలో ఒకటి, మేలో ఒకటి. ఉదయం ఎనిమిదింటికి, రాయిమీద నిలబడి, బాణం చూపిన వైపు. నేను వెళ్ళలేని ఏడు బాబాయి మనవరాలు తన ఫోనుతో తీసి పంపుతుంది. మొదట్లో నవ్విన బాబాయి నిరుడు మేలో తానే ఫోను చేసి, "ఎనిమిది దాటిందిరా, పిల్ల ఇంకా కట్టమీదికి పోలేదు" అని ఫిర్యాదు చేశాడు.

అడవి పెరిగిందా తగ్గిందా అంటే ఈ కొద్ది ఫోటోలతో ఇంకా ఏమీ చెప్పలేను. ఒక మోదుగ గుంపు కాస్త చిక్కబడినట్టుంది. రెండు వేసవుల్లో నిప్పు మచ్చలు కనబడ్డాయి. అంతే. మరో పదేళ్ళు తీశాక చెప్పవలసిన సంగతి అది. ఆనాడు ఎవరైనా "ఒకే రాయి మీద నిలబడ్డారా?" అని అడిగితే మాత్రం తల దించుకోనక్కరలేదు.

మీ ఊళ్ళలో కూడా ఇలాంటి కొండో, చెరువో, తోపో ఉంటుంది. పాత పెళ్ళి ఫోటోల వెనుక అది ఎక్కడో కనబడుతూనే ఉంటుంది. ఒకసారి వెదికి, ఆ ఫోటోగ్రాఫరు ఎక్కడ నిలబడ్డాడో పట్టుకోండి. అక్కడ ఒక రాయి పాతండి.